చికున్‌గున్యా మన సీమకు ఎప్పుడు వచ్చింది?

భారతదేశంలో తొలి కరోనా రోగిని గుర్తించిన తేదీ 2020 జనవరి 30. వూహాన్ నగరం నుంచి కేరళలోని త్రిశ్శూరుకు తిరిగివచ్చిన ఒక వైద్య విద్యార్థినిలో ఆ వైరస్ ఉన్నట్లు పరీక్షలో తేలింది. అప్పటికి దేశదేశాల ప్రభుత్వాలు ఆ వైరస్ కోసం విమానాశ్రయాలలో కాచుకొని ఉన్నాయి. అందువల్ల అది గడప తొక్కిన కొద్ది రోజులకే పట్టుబడింది.

అన్ని వైరస్‌లూ ఇలా ముందుగా కబురు పంపి రావు. కొన్ని చడీచప్పుడు లేకుండా వచ్చి, ఊళ్ళకు ఊళ్ళను మంచాన పడవేసిన తరువాత గాని తమ పేరు చెప్పవు. మన కర్నూలు, కడప జిల్లాలు అటువంటి వైరస్‌ను ఒకదానిని చూశాయి. అదే చికున్‌గున్యా. అది ఎక్కడ పుట్టింది, మన దేశానికి ఎన్ని సార్లు వచ్చింది, సీమ పల్లెలలోకి ఎలా చొరబడింది అన్న చరిత్రను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఈ చరిత్రలో నా పొరపాటు కూడా ఒకటి ఉన్నది. దానినీ దాచకుండా చెబుతాను.

ఒక శీతకాలపు ఓపీ

2005 సంవత్సరం చివరి రోజులు. అప్పుడు నేను కడప జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. ఒక ఉదయం అరవై ఏళ్ళ అవ్వ ఒకామె మనుమడి భుజం పట్టుకొని, నడుము వంచుకొని లోపలికి వచ్చింది. "సార్, జొరం తగ్గింది గానీ కీళ్ళు ఇడ్సల్యా. చెంబు గూడా ఎత్తలేకపోతాండా" అన్నది. మణికట్లు, వేళ్ళ కణుపులు, చీలమండలు రెండు వైపులా వాచి ఉన్నాయి. రక్తపు పూత తీయించి మలేరియా కోసం చూపించాను. లేదన్నారు. జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు ఇచ్చి పంపాను. ఓపీ రిజిస్టరులో "జ్వరం, కీళ్ళనొప్పులు, మలేరియా లేదు" అని రాశాను.

తరువాతి రోజులలో అటువంటి వారే వరుసగా రాసాగారు. ఒకే ఇంటి నుంచి అత్త, కోడలు, పిల్లలు వచ్చేవారు. వేరుసెనగ కాయలు ఒలిచే ఆడవాళ్ళు వేళ్ళు ముడవలేమన్నారు. మగ్గం నేసేవారు పలక తొక్కలేమన్నారు. నేను ప్రతి వరుసలోనూ అవే మూడు మాటలు రాస్తూ పోయాను. నలభై, యాభై మందికి ఒకే తీరు జబ్బు వస్తున్నప్పుడు ఇది కొత్తదేమో, రక్తపు నమూనాలు పైకి పంపాలేమో అన్న ఆలోచన నాకు వెంటనే రాలేదు. "విషజ్వరాలు" అన్న పాత మాట ఒకటి ఉన్నది గదా! అది ప్రశ్నను నిద్రపుచ్చింది.

వైద్యవిద్యార్థిగా కర్నూలులో చదువుకొన్న రోజులలో ప్రివెంటివ్ మెడిసిన్ పాఠంలో చికున్‌గున్యా పేరు విన్నాను. కొద్ది పంక్తులలో ముగిసిన పాఠం అది. పరీక్షలో అడగరని వదిలేసిన వ్యాధులలో అదొకటి. ముప్పై ఏళ్ళ తరువాత ఆ వ్యాధే నా ఎదుట బల్లకు ఆవల కూర్చున్నప్పుడు నేను పోల్చుకోలేకపోయాను.

వంగిపోయేలా చేసే జ్వరం

ఈ వ్యాధిని వైద్యశాస్త్రం మొదట గుర్తించినది తూర్పు ఆఫ్రికాలో. నేటి టాంజానియా దేశాన్ని అప్పుడు టాంగన్యీకా అనేవారు. దాని దక్షిణ భాగాన మకోండే పీఠభూమి ఉన్నది. 1952–53లో అక్కడి నెవాలా ప్రాంతంలో హఠాత్తుగా జ్వరాలు పెచ్చుపెరిగాయి. మేరియన్ రాబిన్సన్ అనే వైద్యురాలు రోగ లక్షణాలను, లమ్స్‌డెన్ అనే శాస్త్రవేత్త వ్యాధి వ్యాపించిన తీరును వివరిస్తూ 1955లో వ్యాసాలు ప్రకటించారు. రాస్ అనే మరొక శాస్త్రవేత్త రోగుల రక్తం నుంచి వైరస్‌ను వేరుచేశారు. కీళ్ళనొప్పులతో మనిషి వంగిపోవడాన్ని బట్టి మకోండే ప్రజలు తమ భాషలో పెట్టుకొన్న పేరే చికున్‌గున్యా. మన పల్లెలలో కొందరు దానిని "చికెన్ గున్యా" చేసి కోడిమాంసం మానుకొన్నారు గాని, కోడికీ ఈ జబ్బుకూ ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మకోండే పీఠభూమి నీటి ఎద్దడికి పేరుపడ్డ నేల. అక్కడివారు దూరం నుంచి నీళ్ళు మోసుకొచ్చి ఇంటిలో కుండలలో నిలవ చేసుకొనేవారు. ఈ వ్యాధిని మోసే ఏడిస్ ఈజిప్టై దోమకు అటువంటి నిలవ నీరే పుట్టినిల్లు. ఈ సంగతి మనకు మళ్ళీ అవసరమవుతుంది.

మన దేశానికి తొలి రాక

భారతదేశంలో చికున్‌గున్యా వైరస్‌ను ప్రయోగశాలలో నిర్ధారించిన తొలి సంవత్సరం 1963, స్థలం కలకత్తా. మరుసటి ఏడు అది మద్రాసును ముంచెత్తింది. వేలూరు, పుదుచ్చేరి కూడా తప్పించుకోలేదు. 1964–65 కాలంలో మన తీరాంధ్రలో విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడ పట్టణాలకు పాకింది. 1965లో నాగపూరు చేరింది. 1973లో మహారాష్ట్రలోని షోలాపూరు జిల్లా బార్శీ పట్టణంలో జనాభాలో మూడో వంతుకు పైగా ఈ జ్వరం పాలయ్యారు.

ఆ తరువాత అది మాయమైంది. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, మూడు దశాబ్దాలకు పైగా దేశంలో దాని పెద్ద మహమ్మారి కనిపించలేదు. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం 1952లో మొదలై 1978లో జాతీయ వైరాలజీ సంస్థగా మారింది. దానికి సంచాలకులుగా పనిచేసిన డాక్టర్ ఖోర్షెద్ పావ్రీ 1986లో ఒక లేఖ ప్రకటించారు. భారతదేశం నుంచి, ఆగ్నేయాసియా నుంచి చికున్‌గున్యా వైరస్ అదృశ్యమైందన్నదే ఆ లేఖ విషయం.

వైరస్ కనిపించకపోవడానికీ, వైరస్ లేకపోవడానికీ మధ్య తేడా ఉన్నది. అయినా ఒక మాట నిజం. ఈ ముప్పై రెండేళ్ళలో పుట్టిన ఒక తరమంతా ఈ వైరస్‌ను ఎరుగకుండా పెరిగింది. ఒకసారి చికున్‌గున్యా సోకినవారికి సాధారణంగా దీర్ఘకాలం నిలిచే రక్షణ కలుగుతుంది. దానిని ఎన్నడూ చూడని జనసమూహం ఎండిన వామి వంటిది. నిప్పు రవ్వ ఎప్పుడు పడుతుందన్నదే మిగిలిన ప్రశ్న.

నిప్పు పడిన రోజులు

2005 డిసెంబరులో దేశంలో మొదటగా ఈ జ్వరాలను నివేదించిన రాష్ట్రం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. కొద్ది నెలలలోనే రాష్ట్రంలో అనుమానిత రోగుల సంఖ్య 80,000 దాటింది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాలు దెబ్బతిన్నాయి. సరిహద్దుకు ఆవల బళ్ళారి, రాయచూరు, చిత్రదుర్గం, కోలారు, తుమకూరు జిల్లాలకు వ్యాపించింది. 2006 ఫిబ్రవరి–మార్చి మాసాలలో మహారాష్ట్రలోని మాలెగాంవ్‌లో రెండు వేలకు పైగా రోగులు బయటపడ్డారు.

2006 అక్టోబరు నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం 151 జిల్లాలలో 12.5 లక్షలకు పైగా అనుమానిత రోగులు నమోదయ్యారు. అందులో 7,52,245 మంది కర్ణాటకవారు, 2,58,998 మంది మహారాష్ట్రవారు. కొన్ని ప్రాంతాలలో నూటికి నలభై అయిదుగురు వరకు జబ్బుపడ్డారు. ఓపీ బల్ల వెనుక కూర్చున్నవానిగా ఒక మాట చెప్పగలను. ఆసుపత్రికి రాకుండా ఆర్‌ఎంపీల దగ్గర సూదులు వేయించుకొన్నవారు, ఇంటిలోనే మూలుగుతూ పడుకొన్నవారు ఏ లెక్కలోనూ లేరు.

ఈ వ్యాధిలో మరణాలు తక్కువ. కాని కూలిపనితో బతికేవారికి వేళ్ళు ముడుచుకోకపోవడం చిన్న విషయం కాదు. జ్వరం వారంలో తగ్గినా కొందరికి కీళ్ళనొప్పులు నెలల తరబడి, మరికొందరికి ఏడాదికి మించి బాధించాయి. వేరుసెనగ పెరికే కాలం, కలుపు తీసే కాలం ఎవరి కోసమూ ఆగవు. ఆ రోజులలో చేను బీడు పడినవారిని, చేబదులు అప్పుగా మారినవారిని నేనెరుగుదును.

ప్రతులను పోల్చినట్లు

నమూనాలు పుణెకు చేరిన తరువాత జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు ఇది చికున్‌గున్యాయేనని నిర్ధారించారు. అప్పుడు పెద్ద ప్రశ్న తలెత్తింది. ఇది 1973లో మాయమైన పాత వైరసేనా? ఇన్నాళ్ళూ మన మధ్యనే ఏ మూలనో నక్కి ఉండి లేచిందా? లేక కొత్తగా బయటినుంచి వచ్చిందా?

దీనికి జవాబు కనుగొన్న పద్ధతిని మన కడప ఉదాహరణతోనే చెప్పవచ్చు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో ఒక బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తెలుగు కావ్యాల తాళపత్ర ప్రతులను పోల్చి చూపించేవాడు. ఒక ప్రతిని చూసి మరొక ప్రతి రాసేటప్పుడు లేఖకుడు ఒకటి రెండు తప్పులు చేస్తాడు. ఆ ప్రతిని చూసి రాసిన మూడవ ప్రతిలో పాత తప్పులతో పాటు కొత్తవి కొన్ని చేరతాయి. తప్పుల జాబితాను బట్టి ఏ ప్రతికి ఏది మూలమో పండితుడు చెప్పగలడు. వైరస్ కూడా తన జన్యుపదార్థానికి నకళ్ళు తీసుకొనేటప్పుడు ఇటువంటి తప్పులే చేస్తుంది. చికున్‌గున్యా వైరస్ జన్యుపదార్థంలో సుమారు 11,800 అక్షరాలు ఉంటాయి. వాటిని వరుసగా చదివి పోల్చితే చుట్టరికం బయటపడుతుంది.

ఈ వైరస్‌లో మూడు ప్రధాన వంశాలున్నాయి. ఒకటి పశ్చిమ ఆఫ్రికాది, ఒకటి తూర్పు–మధ్య–దక్షిణ ఆఫ్రికాది, మూడవది ఆసియాది. 1963 నుంచి 1973 వరకు మన దేశంలో దొరికిన వైరస్‌లన్నీ ఆసియా వంశానికి చెందినవి. 2005–06 నాటివి తూర్పు–మధ్య–దక్షిణ ఆఫ్రికా వంశానివి. అనగా పాతది లేవలేదు. వేరొక వంశం మన గడప తొక్కింది. పేరు ఒకటే అయినా ఇది రెండవ రాక.

ఆఫ్రికా నుంచి వచ్చిన దారి కూడా కొంతవరకు కనిపించింది. 2004 మధ్యలో కెన్యా తీరాన ఉన్న లాము ద్వీపంలో ఈ జ్వరం చెలరేగింది. జనాభాలో నూటికి డెబ్భై అయిదుగురికి సోకి ఉంటుందని తరువాతి అధ్యయనం అంచనా వేసింది. 2005 ఆరంభంలో కొమొరోస్ దీవులకు, అక్కడినుంచి ఫ్రెంచి పాలనలోని రీయూనియన్ దీవికి పాకింది. రీయూనియన్‌లో 2006 తొలి మాసాలలో ఒక్క వారంలోనే 45,000 మందికి పైగా జబ్బుపడ్డారు. మొత్తం మీద ఆ దీవి జనాభాలో మూడవ వంతు దాని పాలబడింది.

పుణె శాస్త్రవేత్తలు 2006 నాటి భారతీయ వైరస్‌లను రీయూనియన్ వైరస్‌లతో పోల్చినప్పుడు 99.9 శాతం సరిపోయాయి. అంటే 11,800 అక్షరాలలో తేడా సుమారు పన్నెండు. దీనితో రీయూనియన్ నుంచే మనకు వచ్చిందని చాలామంది అనుకొన్నారు. 2010లో వెలువడిన విస్తృతమైన జన్యు అధ్యయనం ఈ అభిప్రాయాన్ని సవరించింది. హిందూ మహాసముద్ర దీవులకూ, భారతదేశానికీ వైరస్ తూర్పు ఆఫ్రికా నుంచి వేరువేరుగా చేరినట్లు కనిపిస్తున్నదని అది సూచించింది. అంటే ఆ రెండూ తల్లీబిడ్డలు కావు, ఒక తల్లి బిడ్డలు.

యావత్ దోమలు చెప్పిన సాక్ష్యం

ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసిన ఘట్టం ఇది. పుణె జిల్లాలో యావత్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడ 2000 సంవత్సరంలో పట్టిన ఏడిస్ దోమలలో చికున్‌గున్యా వైరస్ దొరికింది. ఆ విషయాన్ని శాస్త్రవేత్తలు 2001లో ఒక వైద్య పత్రికలో ప్రకటించారు కూడా. అప్పటికి దేశంలో పెద్ద మహమ్మారి ఏదీ లేదు. ఆ వైరస్‌ను భద్రపరిచారు. 2006లో దానిని తిరిగి తీసి వంశం చూడగా, అదీ ఆఫ్రికా వంశమేనని తేలింది!

అనగా, మా ఆసుపత్రి ముందు వరుసలు కట్టడానికి అయిదేళ్ళ ముందే ఆ వంశపు వైరస్ భారతదేశంలో ఒకసారి అడుగుపెట్టి ఉన్నది. మరి ఆ యావత్ వైరసే అయిదేళ్ళు మెల్లగా పెరిగి సీమకు వచ్చిందా? అక్షరాలు కాదంటున్నాయి. యావత్ వైరస్‌కూ 2006 నాటి వైరస్‌లకూ పోలిక 98.2 శాతం మాత్రమే. అంటే తేడా రెండు వందలకు పైగా అక్షరాలు. ఆ లెక్కన వేల మైళ్ళ దూరంలోని రీయూనియన్ వైరస్ మన 2006 వైరస్‌కు తోబుట్టువు, పక్క రాష్ట్రంలో దొరికినది దూరపు దాయాది. ఒకే వంశం మన దేశం తలుపు ఒకటికి మించిన సార్లు తట్టిందని అనుకోవడమే సబబుగా తోస్తుంది.

ఎవరో ఒక చిన్న పట్టణంలో దోమలను పట్టి, పరీక్షించి, వైరస్‌ను శీతల పేటికలో దాచిపెట్టినందువల్లనే ఈ సంగతి మనకు తెలిసింది. దాచకపోయి ఉంటే ఆఫ్రికా వంశం భారతదేశానికి 2005లోనే తొలిసారి వచ్చిందని చరిత్ర రాసుకొని ఉండేవాళ్ళం.

1963 కూడా తొలి రాక కాకపోవచ్చు

ఇంకొక మెట్టు వెనక్కు వెళదాం. జేమ్స్ క్రిస్టీ అనే వైద్యుడు 1870లో జాంజిబార్ ద్వీపంలో చెలరేగిన ఒక జ్వరాన్ని గురించి రాశాడు. తీవ్రమైన కీళ్ళనొప్పులు దాని ముఖ్య లక్షణం. దాదాపు యాభై ఏళ్ళ కిందట, 1823 ప్రాంతంలో ఇటువంటి జ్వరమే వచ్చిందని అక్కడి వృద్ధులు గుర్తుచేసుకొన్నారు. ఆ మరుసటి ఏడు, 1824లో, కలకత్తాలో కూడా కీళ్ళు పట్టివేసే జ్వరం ఊరంతా వ్యాపించింది. 1870 నాటి జ్వరం తరువాత 1871–72లో మళ్ళీ మన దేశంలో అదే వరుస కనిపించింది. ఆనాటి వైద్యులు వీటిని డెంగ్యూ అని పిలిచారు.

1971లో డొనాల్డ్ కేరీ అనే పరిశోధకుడు ఆ పాత వర్ణనలను మళ్ళీ చదివి, అవి డెంగ్యూ కన్నా చికున్‌గున్యాకే బాగా సరిపోతాయని వాదించాడు. వాదం బలమైనదే. నాడు జాంజిబార్ నుంచి మన రేవులకు తెరచాప ఓడలు వచ్చేవి. ఓడలోని నీటి పీపాలలో దోమ పెరుగుతుంది, ప్రయాణికులలో వైరస్ పెరుగుతుంది. ఒకరి తరువాత ఒకరు జబ్బుపడుతూ ఓడ రేవు చేరేవరకు గొలుసు తెగదు. అయితే 1824 నాటి రోగుల రక్తం ఏ పేటికలోనూ లేదు. అందుచేత లక్షణాల సాక్ష్యంతో మనం అనుమానించగలం గాని నిరూపించలేము. నేను రాసిన "జ్వరం, కీళ్ళనొప్పులు" అన్న మాటలకూ, ఆ కలకత్తా వైద్యుల రాతకూ ఈ విషయంలో తేడా లేదు. నూట ఎనభై ఏళ్ళ తరువాత కూడా నేను వారికన్నా ఎక్కువ సాక్ష్యం మిగల్చలేదు.

ఎండిన నేలలో దోమలెక్కడివి?

"మా ఊళ్ళో తాగను నీళ్ళు ల్యావు, దోమలెట్ల వస్తాయి సార్?" అని అప్పుడు చాలామంది నన్ను అడిగేవారు. సహేతుకమైన ప్రశ్న. కర్నూలు–కడప కాలువ వెంట ఉన్న పల్లెలు తప్ప తక్కిన సీమ వాన మీద, బోరు మీద ఆధారపడిన నేల. 2002 నాటి కరువును ఇక్కడివారు మరువలేరు. అటువంటి చోట దోమల వ్యాధి ఎందుకు?

ఎందుకంటే కరువే కారణం. కుళాయిలో నీళ్ళు రోజూ వచ్చే ఇంటిలో ఎవరూ పెద్దగా నిలవ పెట్టరు. మూడు రోజులకో, వారానికో ఒకసారి ట్యాంకరు వచ్చే ఊరిలో ప్రతి ఇంటిలో సిమెంటు తొట్టి, డ్రమ్ము, బాన, కడవలు వరుసగా ఉంటాయి. ఏడిస్ ఈజిప్టై దోమ మురుగులో గుడ్లు పెట్టదు. మనం జాగ్రత్తగా దాచుకొన్న తేట నీటి అంచున, తొట్టి గోడకు అంటించి పెడుతుంది. ఆ గుడ్లు నీరు ఎండిపోయినా నెలల తరబడి చావకుండా ఉంటాయి. మళ్ళీ నీళ్ళు నింపగానే పిల్లలవుతాయి. వేడి వాతావరణంలో వారం, పది రోజులలో దోమై ఎగురుతుంది. పగటిపూట కుడుతుంది. పుట్టిన ఇంటికి ఎక్కువ దూరం పోదు. అందుకే ఒకే ఇంటిలో అత్తా కోడళ్ళు, ఒకే వీధిలో ఇంటింటా పడిపోయారు.

లాము ద్వీపంలోనూ ఇదే జరిగింది. 2004లో తూర్పు ఆఫ్రికా తీరం అసాధారణంగా ఎండిపోయి, వేడెక్కి ఉన్నదని, అప్పుడు ఇళ్ళలో నిలవ చేసుకొన్న నీరే దోమలకు నెలవై ఉంటుందని అక్కడి మహమ్మారిని పరిశీలించినవారు గుర్తించారు. మకోండే కుండలు, లాము తొట్లు, మన కడప బానలు ఈ మూడింటినీ వరుసగా పెట్టి చూడండి. ఈ వైరస్ వాన పడే చోటును కాదు, నీటి కోసం వెంపరలాడే చోటును వెదుక్కొంటూ వచ్చింది. నీటి సరఫరా సక్రమంగా లేకపోవడం కూడా ఒక రోగకారణమే. దానిని వైద్యులం మందుచీటీ మీద రాయలేము గాని, మరచిపోకూడదు.

వచ్చిన రోజు, చూసిన రోజు

వైరస్ వచ్చిన రోజు వేరు, మనం దానిని చూసిన రోజు వేరు. చరిత్రలో నమోదయ్యేది రెండవదే. ఆ రెండు రోజుల మధ్య ఎడం ఎంత తక్కువైతే అంత మంది ప్రజలు రక్షింపబడతారు. చూడడానికి కావలసినవి మహాయంత్రాలు మాత్రమే కావు. ఒక పల్లె వైద్యుడు "ఇది మామూలు జ్వరంలా లేదు" అని ఒక మాట పైకి రాయాలి. పది మంది రక్తపు నమూనాలు చల్లని డబ్బాలో సమయానికి ప్రయోగశాల చేరాలి. అక్కడ వాటిని పారవేయకుండా దాచాలి.

ఇది జరిగితే ఫలితమేమిటో జికా వైరస్ విషయంలో చూశాం. జికాను మోసేదీ ఈ ఏడిస్ దోమే. 2016 ఫిబ్రవరిలో అహమ్మదాబాదులోని ఒక వైద్య కళాశాలలో నిఘాలో భాగంగా 93 మంది రక్తపు నమూనాలను పరీక్షించగా, ఒకరిలో జికా బయటపడింది. ఆ తరువాత మరి రెండు కేసులు దొరికాయి. ఊరు మంచాన పడలేదు, మహమ్మారి లేదు. అయినా వైరస్ దొరికింది. కారణం, వెదికారు కాబట్టి.

2006లో నేను ఆలస్యంగానైనా మేలుకొన్నాను. కొత్త రోగుల పేర్లు, ఊర్లు, జ్వరం మొదలైన తేదీ విడిగా ఒక నోటుపుస్తకంలో రాసి పై అధికారులకు పంపడం మొదలుపెట్టాను. కాని తొలి వారాలు చేజారిపోయాయి. ఆ వారాలలో తొట్లు కడిగించి ఉంటే పక్క ఊరికి పాకకుండా ఆపగలిగేవాడినని గొప్పలు చెప్పను. ప్రయత్నించి ఉండవలసిందని మాత్రం చెబుతాను.

పాఠకులు చేయదగినవి

మొదటిది, వారానికి ఒక రోజు పొడిదినం పాటించండి. తొట్టి, డ్రమ్ము, బాన ఖాళీ చేసి, లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్ది, ఎండబెట్టి, మళ్ళీ నింపండి. నీళ్ళు ఒలకబోస్తే చాలదు. గుడ్లు గోడకు అంటుకొని ఉంటాయి. నీళ్ళు కరువైన ఊరిలో ఖాళీ చేయమనడం కష్టమని నాకు తెలుసు. అటువంటప్పుడు ఆ నీటిని పలుచని గుడ్డతో వడగట్టి వేరే పాత్రలో పోసుకొని, తొట్టి రుద్దిన తరువాత తిరిగి పోయండి. దోమ దూరని మూత గాని, మూతికి గుడ్డ గాని కట్టండి.

రెండవది, జ్వరంతో పాటు రెండు వైపులా కీళ్ళు పట్టివేస్తే త్వరగా ఆసుపత్రికి వెళ్ళండి. మొదటి వారంలో అయితే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష వైరస్‌ను నేరుగా పట్టగలదు. అయిదారు రోజులు దాటితే ఐజీఎం ప్రతిరక్షకాల పరీక్ష ఉపయోగపడుతుంది. డెంగ్యూ కాదని తేలేవరకు ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు వాడవద్దు. పారాసెటమాల్, నీళ్ళు, విశ్రాంతి ముఖ్యం. ఒక్క సూదితో కీళ్ళు వదులుతాయని తొలి రోజులలోనే స్టెరాయిడ్లు వేసేవారి దగ్గరకు పోవద్దు.

మూడవది, మీ వీధిలో ఒకే తీరు జ్వరం అయిదారుగురికి వస్తే, ఆశా కార్యకర్తకు గాని, ఆరోగ్య కేంద్రానికి గాని చెప్పండి. "విషజ్వరాలు" అని సరిపెట్టుకోవద్దు. ఆ మాట వ్యాధి పేరు కాదు, మనకు పేరు తెలియదన్న ఒప్పుకోలు.

పదవీ విరమణకు కొంతకాలం ముందు పాత రిజిస్టరును ఒకసారి తిరగవేశాను. ఆ అవ్వ పేరు, వయసు, ఊరు, పక్కన నా చేతిరాతలో ఆ మూడు మాటలు అలాగే ఉన్నాయి. సీమలో తొలి చికున్‌గున్యా రోగి ఆమే అని నేను చెప్పడం లేదు. నా ఎదుటకు వచ్చినవారిలో మొదటిది ఆమె. ఆ రోజు ఒక్క సీసా రక్తం తీసి దాచి ఉంటే, ఆ వరుస ఈ దేశ వైద్యచరిత్రలో ఒక సాక్ష్యంగా మిగిలేది. నేటి యువవైద్యులలో ఎవరి ఓపీకైనా రేపు పేరు తెలియని జ్వరంతో ఒక అవ్వ నడుము వంచుకొని రావచ్చు. ఆమె చెప్పేది వారు నాకన్నా శ్రద్ధగా వింటారని ఆశిస్తున్నాను.